కొంగలపాడు పేగు రూలు

ఆ రూలు వచ్చేదాకా చేప పొట్టలో ఏముంటుందో మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. మత్స్యశాఖలో ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసిన సీనియర్ అసిస్టెంటుని నేను. పేరు భుజంగరావు. ఇన్నేళ్ళలో నేను చేపల్ని ఎక్కువగా చూసింది కాగితాల మీదే.

కొంగలపాడు చెరువు అంటారు గానీ అది ఎవరూ తవ్వింది కాదు. రెండు వాగులు పల్లంలోకి దిగి నిలిచిపోతే ఏర్పడిన మంచినీటి సరస్సు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. చుట్టూ తొమ్మిది ఊళ్ళు, అన్నీ చేపల మీద బతికేవే. విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ నీరజాక్షి అనే ఆవిడ రెండేళ్ళు ఆ చెరువులో నాటు పడవ మీద తిరిగి, కొరమీనుల పేగులు సీసాల్లో పెట్టుకుని వెళ్ళింది. గుంటల్లో మేత వేసి పెంచిన చేప పేగులో పది రకాల సూక్ష్మజీవులుంటే, చెరువులో తన తిండి తాను వెతుక్కునే నాటు చేప పేగులో వంద రకాలున్నాయని ఆవిడ తేల్చింది. నాచుని అరిగించేవి కొన్ని, రోగాన్ని దగ్గరికి రానివ్వనివి కొన్ని. ఒక పత్రిక వాళ్ళు దీన్ని 'కొరమీను కడుపులో కోటి రతనాలు' అని వేశారు.

రతనాలనే మాట రాజధానిలో ఎవరి కంటనో పడింది. రెండు నెలలు తిరక్కుండానే మత్స్యాంత్ర సంపద మండలి ఏర్పడింది. దాని వెనకే వన్యమత్స్య ఆంత్ర సూక్ష్మజీవ వారసత్వ సంరక్షణ నిబంధనలు వచ్చాయి. మొత్తం నలభై ఒక్క క్లాజులు. నోరు తిరక్క జనం 'పేగు రూలు' అన్నారు.

అసలు సంగతంతా మూడో క్లాజులో ఉంది. "సదరు జలాశయమందలి చేపల పొట్టలలో నివసించు సమస్త సూక్ష్మజీవులు ప్రభుత్వ ఆస్తి. అధీకృత వ్యక్తి సమక్షమున తప్ప సదరు పొట్టను ఎవరునూ తెరవరాదు." చేప మాత్రం పట్టినవాడిదే. ప్రభుత్వం అంతదూరం పోలేదు.

అమలు చేయటానికి ప్రత్యేకాధికారిగా విరూపాక్షం గారు వచ్చారు. మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. రోజూ పట్నం నుంచి క్యారియర్లో పెరుగన్నం, సీసాలో నీళ్ళు తెచ్చుకునేవారు. వచ్చిన మర్నాడే నన్ను వెంటబెట్టుకుని చేపల బజారుకి వెళ్ళారు.

బజారు మొదట్లోనే నాంచారమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాక చేపలు కోసే పనిలోకి దిగింది. ఎవరు ఎక్కడ కొన్నా పొలుసు తీసి, పొట్ట తీసి, ముక్కలు కొట్టి ఇవ్వటానికి ఆవిడ దగ్గరికే రావాలి. మేం వెళ్ళేసరికి చేతిలో మట్టగిడస ఉంది.

"అమ్మా, ఆగు. నువ్విప్పుడు తెరవబోతున్నది ప్రభుత్వ నిక్షేపం," అన్నారు విరూపాక్షం గారు.

నాంచారమ్మ చేపని అటూ ఇటూ తిప్పి చూసింది. "మట్టగిడసండీ ఇది."

"పైకి మట్టగిడసే. లోపల వారసత్వ సంపద ఉంది."

"లోపల పేగులుంటాయండీ. కాకులకేస్తాం."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "భుజంగరావు గారూ, కాకులు అన్నది నోట్ చేసుకోండి."

నోట్ చేసుకున్నాను. ఆయన రూలంతా ఓపిగ్గా వివరించారు. నాంచారమ్మ అంతా విని, "మరి కొయ్యకపోతే ఎట్టా తింటారండీ?" అంది.

"పొట్ట తియ్యకుండా తినడం మీద నిషేధమేమీ లేదు. తీయడం మీదే."

ఆ సాయంత్రం నన్ను అధీకృత ఆంత్ర విచ్ఛేదకుడిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. నా జన్మలో నేను బెండకాయ తప్ప ఏదీ కోసి ఎరగను. మర్నాడు కత్తిపీట ముందు కూర్చుంటే కొరమీను జారి నా ఒళ్ళో పడింది. బజారంతా చూస్తోంది. చివరికి నాంచారమ్మే, "లేవండి బాబూ, నేను కోస్తా. మీరు పక్కన నిలబడి కాయితం రాసుకోండి," అంది. అప్పట్నుంచి ఆవిడ కోసేది, నేను సంతకం పెట్టేవాణ్ణి. చేపకో సంతకం. అంతకుముందు గంటకి అరవై చేపలు కోసే మనిషి ఇప్పుడు ఎనిమిది కోస్తోంది. మిగతావి ఎండలో వరసగా పడుకుని మా ఇద్దరికేసి చూసేవి. కొనేవాళ్ళు విసిగిపోయి గుంట చేపల కోసం పక్క మండలానికి పోవటం మొదలుపెట్టారు. వల వేసేవాళ్ళు వారానికి రెండు రోజులు పడవలు కట్టేసుకున్నారు. నాంచారమ్మ మధ్యాహ్నానికే కత్తిపీట కడుక్కుని వెళ్ళిపోయేది.

తీసిన పేగుల్ని సీసాల్లో వేసి, చీటీ అంటించి, మా రికార్డు రూములో భద్రపరచాలి. ఐసుపెట్టెలు మంజూరయ్యాయి గాని రాలేదు. మూడో వారానికి మా ఆఫీసు చిరునామా ఎవరినీ అడగాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఆ వాసన మీద ఫిర్యాదు వెళ్ళటంతో, తనిఖీకి డాక్టర్ నీరజాక్షి గారిని పంపారు. ఆవిడ రికార్డు రూము తలుపు తీసి, వెంటనే మూసేసింది.

"ఇవి చచ్చిపోయి నెలైందండీ! ఎందుకు దాస్తున్నారు?"

"ప్రభుత్వ ఆస్తి. బతికున్నదా లేదా అన్నది ఆస్తి నిర్వచనంలో లేదు," అన్నారు విరూపాక్షం గారు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చూడండి. చేప ఈ సూక్ష్మజీవుల్ని పుట్టుకతో మూటగట్టుకుని రాదు. నీళ్ళలోంచి, బురదలోంచి, తినే నాచులోంచి వస్తాయి. చెరువు బాగుంటే అవీ బాగుంటాయి. పై గుంటల వాళ్ళు మందులు కలిసిన నీళ్ళు డ్రైన్లోకి వదులుతున్నారు. అదంతా ఈ చెరువులోనే కలుస్తోంది. నా రిపోర్టులో ముప్పై పేజీలు దాని గురించే రాశాను. ఆ డ్రైను ఆపండి, చాలు."

"అమ్మా, డ్రైను నీటిపారుదల వారిది. బురద గనుల శాఖ వారిది. గుంటలు ప్రైవేటు. మా పరిధి చేప మూతి దగ్గర మొదలై తోక దగ్గర ముగుస్తుంది."

"సూక్ష్మజీవులు మీ పరిధిలోనే కూర్చోవు కదండీ! ఈ నీళ్ళు తాగేవాళ్ళలోకీ పోతాయి, వేలెడంత పరిగె చేపల్ని పొట్టతో సహా వేయించుకు తినేవాళ్ళలోకీ పోతాయి. అంతమాత్రాన మనుషుల్ని కూడా సీసాలో పెడతారా?"

ఆవిడ ఎగతాళిగా అంది. విరూపాక్షం గారు మాత్రం కలం తీసి రాసుకున్నారు. ఆ క్షణంలో ఆవిడ మొహం చూసినవాణ్ణి నేను. చేతిలోంచి గాజు గ్లాసు జారిపోతుంటే చూస్తున్న మనిషిలా ఉంది.

సర్క్యులర్ పదకొండు రోజుల్లో వచ్చింది. చెరువు నీళ్ళు తాగినవారు, చెరువు చేప తిన్నవారు 'సంచార నిక్షేపాలు'గా పరిగణింపబడుదురు. ప్రభుత్వ ఆస్తిని కడుపులో ఉంచుకుని జలాశయ పరిధి దాటుట అక్రమ రవాణా. దాటదలచినవారు నమూనా-7 నింపి, తమ కడుపులో సదరు ఆస్తి లేదని ల్యాబు నుంచి ధ్రువపత్రం తేవలెను. ల్యాబుకి స్థలం వెతుకుతున్నారు.

వంతెన దగ్గర వెదురు గడ అడ్డంగా కట్టి చెక్‌పోస్టు పెట్టారు. ఒక హోంగార్డు, రిజిస్టరుతో నేను. పొద్దున రెండు గంటలు మాత్రం బజారులో సంతకాలు పెట్టి వచ్చేవాణ్ణి. నేనూ నిక్షేపాన్నే. ఆరేళ్ళుగా అక్కడి నీళ్ళే తాగుతున్నాను. కాబట్టి గడకి లోపలి వైపే నా కుర్చీ.

జనం మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. ఆ తర్వాత అలవాటుపడ్డారు. పెళ్ళిళ్ళు వంతెన మీద జరిగాయి. పట్నంలో కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు అక్కడికి పోలేక, గడ దగ్గర అవతలి స్నేహితురాళ్ళతో పుస్తకాలు మార్చుకునేవారు. చెరువు మీద వాలిన కొంగలు చేపని నోట కరుచుకుని నా తల మీదుగా పొరుగు జిల్లాకి పోతుంటే, ప్రతిదాన్నీ 'గుర్తు తెలియని రవాణాదారు' అని రాశాను.

అప్పుడే నాంచారమ్మ కూతురు రత్నం సంగతి వచ్చింది.

రత్నం తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల రాగానే తీసుకుపోదామని అల్లుడు ఏడుకొండలు నరసరావుపేట నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. లారీలు బాగుచేసే మెకానిక్కు. కూతురికి కొత్త గౌను కొనుక్కొచ్చాడు. నాంచారమ్మ సారె మూటతో, రత్నం బిడ్డతో గడ దాకా వచ్చారు.

నేను లేచి నిలబడ్డాను. "నాంచారమ్మా, చేప తిన్నదా అమ్మాయి?"

"బాలింతకి పాలు పడతాయని రోజూ పరిగెలు వేపి పెట్టాను బాబూ. తినకపోతే ఎట్టా?"

"నీళ్ళు?"

"తాగకుండా బతికుంటదా?"

రిజిస్టరు తెరిచాను. ఏడుకొండలు అవతల నిలబడి గౌను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు. "ఏందండీ ఇది, నా పెళ్ళాన్ని నేను తీసుకెళ్ళటానికి మీ కాయితమేందండీ?" అన్నాడు. గట్టిగా అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. మెల్లిగా అడిగాడు.

విషయం విరూపాక్షం గారి దాకా వెళ్ళింది. తల్లి సంగతి స్పష్టమేగాని శిశువు సంగతి నిబంధనల్లో లేదన్నారు. స్పష్టీకరణ కోరుతూ మండలికి రాశాం. మూడు వారాలకి జవాబొచ్చింది. "సదరు శిశువు స్వయముగా చేపను గాని నీటిని గాని సేవించి యుండనందున నిక్షేపముగా పరిగణింపబడదు. శిశువు జలాశయ పరిధి దాటుటకు అభ్యంతరము లేదు. తల్లి దాటరాదు."

ఆ కాగితం నేనే చదివి వినిపించాను. నాంచారమ్మకి అర్థం కావటానికి కాసేపు పట్టింది.

"మూడు నెల్ల పిల్ల ఒక్కతే ఎల్లొచ్చంటున్నారా?"

"అభ్యంతరం లేదన్నారు."

"పాలెవరిస్తారంట? ఆ మండలివాళ్ళా?"

రత్నం బిడ్డని ఇంకాస్త దగ్గరికి పొదువుకుని వెనక్కి తిరిగి నడిచింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏడుకొండలు వచ్చేవాడు. లోపలికొచ్చి నీళ్ళు తాగితే తనూ చిక్కుకుపోతాడు, షెడ్డులో పని పోతుంది. అందుకని గడకి అవతలే గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. ఇవతల రత్నం. బిడ్డని మాత్రం గడ కింద నుంచి అందించేవాళ్ళం. దానికి అభ్యంతరం లేదు. సాయంత్రం దాకా ఆడించి మళ్ళీ గడ కింద నుంచే ఇచ్చేసేవాడు. అలా తొమ్మిది ఆదివారాలు గడిచాయి. ఆ పిల్ల నవ్వటం నేర్చింది ఆ వంతెన మీదే.

పదో ఆదివారం మండలి ఛైర్మన్ గారు పదహారు మంది సభ్యులతో పర్యటనకు వచ్చారు. పేగు రూలు విజయవంతమైన తీరును పరిశీలించి, వేరే చెరువులకు విస్తరించాలని కార్యక్రమం. ఏడుకొండలు అప్పటికే పట్టా పరుచుకుని కూర్చున్నాడు. కార్లు వెళ్ళటానికి అతన్ని లేపి పక్కన నిలబెట్టారు. బిడ్డ చేతిలోనే ఉంది.

భోజనానికి విరూపాక్షం గారు పట్నం నుంచి పనీరు తెప్పించారు. ఛైర్మన్ గారు విస్తరి చూసి మొహం చిట్లించారు.

"చెరువు ఒడ్డున కూర్చోబెట్టి పనీరు పెడతావేంటయ్యా? చేపలేవి?"

"నిబంధనల దృష్ట్యా..."

"నిబంధనలు పెట్టింది మేం. పరిరక్షించే సంపద రుచెలా ఉంటుందో మాకు తెలియొద్దా?"

నాంచారమ్మని పిలిపించారు. గంటలో పెద్ద బూరెలమూకుడు నిండా పరిగెల వేపుడు తెచ్చింది. కరకరలాడుతోంది. పదిహేడు మందీ తిన్నారు. ఛైర్మన్ గారు మూడుసార్లు వడ్డించుకున్నారు. ఆయన బలవంతం మీద విరూపాక్షం గారు కూడా తిన్నారు. ఆర్నెల్లలో మొదటిసారి ఆ ఊరి తిండి ఆయన నోట్లోకి వెళ్ళింది. చేతులు కడుక్కుంటూ ఒక సభ్యుడు, "కాస్త చేదు తగిలింది, అయినా బ్రహ్మాండంగా ఉంది. పొట్టలు తీశావామ్మా?" అని అడిగాడు.

"లేదండీ. భుజంగరావు గారు వంతెన కాడున్నారు. ఆయన లేకుండా పొట్ట తియ్యకూడదు గదండీ, రూలు," అంది నాంచారమ్మ.

ఈ సంగతంతా నాంచారమ్మ వంతెన దగ్గరికొచ్చి నాకు చెప్పి వెళ్ళింది. మూడున్నరకి కార్లు వచ్చాయి. నేను రిజిస్టరు, పద్దెనిమిది నమూనా-7లు పట్టుకుని గడ ముందు నిలబడ్డాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఛైర్మన్ గారు అద్దం దించారు. "ఏంటి?"

"చేప తిన్నారాండీ?"

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసండీ. రెండో కాలమ్‌లో రాశాను. నాలుగోది ఖాళీగా ఉంది. పొట్ట తీసిందా, తియ్యనిదా?"

ఆ పని ఎందుకు చేశావని తర్వాత చాలామంది అడిగారు. రూలు కాబట్టి చేశానని చెప్పాను, చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ పొద్దున కార్లకి దారి ఇవ్వటానికి ఏడుకొండలు పిల్లనెత్తుకుని పిట్టగోడవారకు ఒదిగి నిలబడ్డాడు. అది చూశాకే రిజిస్టరులో ఆ కార్ల నంబర్లన్నీ వరసగా రాసిపెట్టుకున్నాను.

విరూపాక్షం గారు వెనక కారు దిగి పరుగెత్తుకొచ్చారు. నా చెవిలో, "వదిలెయ్యండి," అన్నారు. లిఖితపూర్వకంగా ఇవ్వమన్నాను. ఆయన జేబులోంచి కలం తీశారు. ఒక నిమిషం అలాగే పట్టుకుని నిలబడి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అప్పటికే వంతెనకి రెండు వైపులా జనం మూగారు. కాలేజీ పిల్లలు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఇన్నాళ్ళూ తమని ఆపిన గడ ఇప్పుడు లేస్తుందా లేదా అని తొమ్మిది ఊళ్ళూ చూస్తున్నాయి. ఛైర్మన్ గారు ఆ ఫోన్లకేసి చూసి, అద్దం ఎత్తి, కారు వెనక్కి తిప్పమన్నారు.

పద్దెనిమిది నిక్షేపాలకూ ప్రభుత్వ విశ్రాంతి గృహంలో బస ఏర్పాటైంది. రెండు గదులు, ఒక మరుగుదొడ్డి. మూడు రోజులు నాంచారమ్మే వండిపెట్టింది. రెండో రోజే మండలి అత్యవసర సమావేశం జరిగింది. సభ్యులంతా అక్కడే ఉన్నారు గనక కోరానికి లోటు లేదు. మినిట్స్ నేనే రాశాను.

రూలు రద్దు చేద్దామని ఒకరన్నారు. అలా చేస్తే తప్పు చేశామని ఒప్పుకున్నట్టవుతుందని వద్దన్నారు. ప్రముఖులకు మినహాయింపు ఇద్దామని ఇంకొకరన్నారు. ఆ వీడియోలు చూసినవాళ్ళు ఊరుకుంటారా అన్నారు. చాప మీద కూర్చున్న విరూపాక్షం గారు అప్పుడు గొంతు సవరించుకున్నారు.

"సమస్య చేప తినడం కాదండీ, జలాశయం పరిధి దాటడం. నిర్వచనాల్లో జలాశయం అంటే 'ప్రభుత్వంచే నోటిఫై చేయబడిన ప్రాంతం' అని మాత్రమే ఉంది. నీళ్ళు ఉండాలని ఎక్కడా లేదు. పరిధిని రాజధాని దాకా పెంచితే ఎవరూ దాటినట్టు కాదు."

ఛైర్మన్ గారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. అయితే సభ్యుల ఇళ్ళు తలో జిల్లాలో ఉన్నాయి. ఎవరి జిల్లాని వదిలేసినా ఒప్పుకోరు. మూడో రోజు సాయంత్రానికి ప్రత్యేక గెజిట్ వచ్చింది. యావత్ రాష్ట్రమూ కొంగలపాడు చెరువుగా ప్రకటింపబడింది.

ఛైర్మన్ గారి కారు వెళ్ళాక గడ ఎత్తే ఉంచాం. నాంచారమ్మ సారె మూటతో వచ్చింది. వెనక రత్నం, బిడ్డ. కబురంది వచ్చిన ఏడుకొండలు అవతల నిలబడి ఉన్నాడు. గెజిట్ సంగతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"నరసరావుపేట కూడా చెరువేనా?"

"చెరువేనమ్మా. బస్టాండుతో సహా."

"అయితే పిల్ల చెరువులోంచి చెరువులోకే ఎల్తంది."

"అంతే."

"మీకు పిచ్చి గాని పట్టలేదు గదా బాబూ?" అంది, నిజంగానే దిగులుపడుతూ.

రత్నం గడ ఉండే చోట ఆగింది. అడుగు వేయటానికి భయపడింది. నేను తల ఊపాను. అవతలికి వెళ్ళి ఏడుకొండలు పక్కన నిలబడ్డాక గానీ ఏడవలేదు. ఇంటికి తీసుకెళ్ళే రోజున తొడగాలని దాచి ఉంచిన ఆ గౌను అతను తీసి బిడ్డకి తొడగబోయాడు. చేతులు పట్టలేదు. పిల్ల అప్పటికే పెరిగిపోయింది.

ఇన్ని కోట్ల మంది చెరువులో ఉంటే ఎవరి చేప పొట్ట ఎవరు కాపలా కాస్తారు? రూలు అమల్లోనే ఉంది, అడిగేవాళ్ళు లేరు. నాంచారమ్మ గంటకి అరవై చేపలు కోస్తోంది. కాకపోతే పోయిన నెల నీరజాక్షి గారు ఫోన్ చేసి, ఈసారి పట్టిన కొరమీనుల పేగుల్లో ముప్పై రకాలే మిగిలాయని చెప్పింది. డ్రైను పారుతూనే ఉంది.

నా సంగతి చెప్పాలి. చెరువు నడిమధ్యన ఆఫీసు ఉండరాదని, ఒడ్డుకు తరలించాలని ఉత్తర్వు వచ్చింది. కొత్త చెరువుకి పడమటి ఒడ్డు రాష్ట్రం సరిహద్దులో ఉన్న నక్కలగుట్టపల్లి. అక్కడ నాలుగేళ్ళుగా వాన లేదు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుంది. రేకుల షెడ్డు మీద 'జలాశయ తీర కార్యాలయం' అని బోర్డు పెట్టి, నన్ను కూర్చోబెట్టారు.

మొన్న గంగప్ప అనే ముసలి రైతు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. బోర్డుని చాలాసేపు చూశాడు.

"సామీ, మా ఊరు చెర్వు అయిందంట, నిజమేనా?"

"నిజమే పెద్దాయనా. గెజిట్లో ఉంది."

"చెర్వులో బతికేదాన్ని చేప అంటారు గదా?"

"అంటారు."

"మేం దీంట్లోనే బతుకుతాండాం. చేపను కాపాడేదానికే గదా మీరు వచ్చిండేది. అయితే నీళ్ళు యాడ సామీ?"

తెల్లకాగితం తీశాను. తేదీ వేశాను. సూచిక అని రాసి, గెజిట్ నంబరు వేశాను. 'విషయం' అని రాసి కింద గీత గీశాను. ఇరవై రెండేళ్ళలో ఆ గీత దాటాక నాకు మాట దొరక్కపోవటం అదే మొదటిసారి.

"రాయి సామీ, నాకు తొందర ల్యాదు," అన్నాడు గంగప్ప, కర్ర పక్కన పెట్టి నా ఎదురుగా నేల మీద కూర్చుంటూ.